స్కాట్లండ్ ఇంటిపేరు మధ్యయుగాల్లో ఎక్కడ పుట్టిందో వెతకడం ఎలా?

కడప, కర్నూలు కైఫియత్తులు తిరగేసినవాళ్లందరికీ మెకంజీ పేరు తెలుసు. కల్నల్ కోలిన్ మెకంజీ 1754లో స్కాట్లండ్ వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నొవే అనే ఊళ్లో పుట్టాడు. కావలి సోదరుల సాయంతో మన ఊళ్ల పుట్టుపూర్వోత్తరాలు రాయించి పోగుచేశాడు. తమాషా ఏమిటంటే, ఊరూరా పేర్ల వెనక కథలు అడిగి రాయించిన ఆయన ఇంటిపేరులోనే ఒక అక్షరం తప్పు. అందులో 'జ' శబ్దం ఉండకూడదు.

ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన స్కాట్స్ భాష పాత రాతలో యోఖ్ అనే అక్షరం ఉండేది. చూడ్డానికి మన 3 అంకెలా, తోక ఉన్న జెడ్‌లా ఉంటుంది. పలకడం మాత్రం 'య'కీ 'గ'కీ మధ్యలో. అచ్చు యంత్రాలు వచ్చాక ఆ అక్షరానికి అచ్చు దొరక్క, దాన్ని పోలిన జెడ్ పెట్టి సరిపెట్టారు. స్కాట్లండ్ కొండలవాళ్ల, దీవులవాళ్ల పాత భాష గేలిక్‌లో ఆ పేరు 'మక్ కొయిన్నిఖ్', అంటే కొయిన్నఖ్ కొడుకు. జెడ్‌ను చూసి చదివి చదివి జనం చివరికి మెకంజీ అనేశారు. మరో రెండు పేర్లు మాత్రం లొంగలేదు. కాగితం మీద 'మెంజీస్' అని కనిపించే పేరును స్కాట్లండ్‌లో చాలామంది ఇప్పటికీ 'మింగిస్' అంటారు. 'డాల్జీల్' అని కనిపించేదాన్ని 'డీయెల్' అంటారు.

స్కాట్లండ్ ఇంటిపేర్ల వెతుకులాట అంతా ఇలాగే ఉంటుంది. గేలిక్‌లో పలికిన పేరును స్కాట్స్ మాట్లాడే గుమస్తా లాటిన్‌లో రాస్తాడు, మరో మూడొందల ఏళ్లకు ఇంకో గుమస్తా దాన్ని ఇంగ్లీషులోకి లాగుతాడు. ఆ పొరలు ఒక్కొక్కటే ఒలవడం మన పని. గ్లాస్గోలోనో ఎడిన్‌బరోలోనో స్థిరపడి అక్కడివాళ్లతో వియ్యమందిన కుటుంబాలకూ, పూర్వీకుల్లో ఒక స్కాట్ ఉన్నాడని విన్న ఆంగ్లో ఇండియన్లకూ, మన్రో, మెకంజీల కాలం చరిత్ర చదివేవాళ్లకూ ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందుగా రెండు ప్రశ్నలు విడదీయండి

'ఈ ఇంటిపేరు ఎలా పుట్టింది?' అన్నది ఒక ప్రశ్న. 'ఈ కుటుంబం ఎక్కడి నుంచి వచ్చింది?' అన్నది వేరే ప్రశ్న. చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుని మోసపోతారు. నేనూ మోసపోయాను. మొదటిసారి ఎడిన్‌బరో వెళ్లినప్పుడు ఒక దుకాణంలో స్నేహితుడి కోసం అతని ఇంటిపేరు చరిత్ర, వంశచిహ్నం అచ్చేసిన కాగితం ఒకటి కొన్నాను. అతని కుటుంబానికి ఆ కాగితంలోని వీరుడితో సంబంధం ఉందనడానికి పేరు కలవడం తప్ప ఏ ఆధారమూ లేదు.

అదృష్టవశాత్తూ మొదటి ప్రశ్నకు చాలా పేర్ల విషయంలో సమాధానం దొరుకుతుంది. రెండో ప్రశ్నకు భూములున్న కుటుంబమైతే 1300 దాకా వెళ్లొచ్చు. మామూలు రైతు, చేతిపనివాడు అయితే 1600 దాటి వెనక్కి వెళ్లడం చాలా కష్టం. ఈ హద్దు ముందే ఒప్పుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

ఇవాళ్టి నుంచి వెనక్కి నడవండి

మధ్యయుగపు వీరుడి దగ్గర మొదలుపెట్టి ముందుకు రావద్దు. తెలిసిన మనిషి దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్లండి. మనకు కావలసింది ముఖ్యంగా ఒక ఊరు, ఒక పారిష్, అంటే ఒక చర్చి కింద ఉండే ఊళ్ల కట్టు. ఇంటిపేరుకు రెండు మూడు మూలాలు ఉంటే ఏది మనదో తేల్చేది ఆ చోటే.

స్కాట్లండ్ ప్రభుత్వ రికార్డులు స్కాట్లండ్స్‌పీపుల్ అనే వెబ్‌సైట్‌లో ఉన్నాయి. పేరు పెట్టి సూచిక వెతకడం ఉచితం. అసలు పేజీ బొమ్మ చూడాలంటే చాలా రికార్డులకు క్రెడిట్లు కొనాలి. పుట్టుక, పెళ్లి, చావుల నమోదు ప్రభుత్వం చేతికి వచ్చింది 1855 జనవరి 1న. ఆ మొదటి ఏడాది రికార్డు మన కుటుంబంలో ఒకటి దొరికిందంటే పండగే. ఆ ఒక్క ఏడాది పుట్టుక నమోదులో తల్లిదండ్రుల వయసులు, వాళ్లు పుట్టిన ఊళ్లు, పెళ్లి ఎప్పుడు ఎక్కడ అయింది, అంతకుముందు పిల్లలెందరు అన్నీ అడిగారు. అంత రాయలేక రిజిస్ట్రార్లు మొత్తుకోవడంతో మరుసటి ఏడాది నుంచి తగ్గించేశారు. అందుకే నేరుగా మన మనిషి కాకపోయినా, అతని తమ్ముడో చెల్లెలో 1855లో పుట్టారేమో తప్పకుండా చూడండి.

జనగణనల్లో 1841 నాటిదాంట్లో ఆ కౌంటీలో పుట్టాడా లేదా అని మాత్రమే ఉంటుంది. 1851 నుంచి పుట్టిన పారిష్ కూడా రాశారు. దాని ఆధారంగా 1855కు ముందున్న చర్చి రిజిస్టర్లలోకి వెళ్లాలి. వీటిలో అన్నిటికంటే పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్‌ది, 1553లో మొదలైంది. అది చూసి మురిసిపోకండి. ఉత్తరాన, పడమట ఉన్న కొండసీమ హైలాండ్స్‌లో చాలా పారిష్‌లకు 1700 తర్వాతగానీ రిజిస్టర్లే లేవు.

ఇక్కడ స్కాట్లండ్ మనకు చేసే మేలు ఒకటుంది. అక్కడ పెళ్లయినా స్త్రీ పుట్టింటి పేరు పోదు. దస్తావేజుల్లో, సమాధి రాళ్ల మీద కూడా పుట్టింటి పేరే చెక్కుతారు. ఇంగ్లండ్ రికార్డుల్లో తల వాచిపోయినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. పిల్లల పేర్లూ ఒక ఆనవాలే. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, మొదటి కూతురికి తల్లి తల్లి పేరు పెట్టడం అక్కడ చాలాచోట్ల ఆనవాయితీ. తాతపేరు పెట్టుకునే మనకు ఇది చెప్పక్కర్లేదు. అయితే ఇది జాడ మాత్రమే, రుజువు కాదు.

రిజిస్టర్లు అయిపోయాక వీలునామాలు చూడాలి. 1513 నుంచి ఉన్నాయి. కానీ 1868 దాకా భూమిని వీలునామాతో ఇచ్చే వీలు లేదు కాబట్టి అందులో పశువులు, ధాన్యం, అప్పులే కనిపిస్తాయి. భూమి సంగతి తెలియాలంటే వారసుణ్ణి నిర్ధారించిన పంచాయతీ పత్రాలు, 1617లో మొదలైన సేసిన్ రిజిస్టర్ చూడాలి. సేసిన్ అంటే భూమి స్వాధీనం చేసినట్టు రాసిన పత్రం, మన రిజిస్ట్రార్ ఆఫీసు దస్తావేజులకు తాత.

ఒక చిన్న జాగ్రత్త. 1600కు ముందు స్కాట్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాగితం మీద 1590 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1591.

రాతలన్నీ పోగుచేయండి

ఒక తెల్లకాగితం తీసుకుని మీ పేరు ఎన్ని రకాలుగా కనిపించిందో తేదీతో, ఊరితో సహా రాయండి. 'మక్', 'మ్క్', 'ఎమ్' పక్కన చిన్న గీత, ఇవన్నీ ఒకటే. మక్ అంటే ఐరిష్‌వాళ్లు, మరో రకంగా రాస్తే స్కాట్లు అన్నది వట్టి మాట. గేలిక్‌లో కొడుక్కి మక్, కూతురికి నిక్. అందుకే అన్న 'మక్' అయితే చెల్లెలు 'నిక్' కావచ్చు. యోఖ్ కథ పైన చెప్పాను. పాత స్కాట్స్‌లో 'వ్హ' శబ్దానికి క్యూ, యు, హెచ్ మూడూ రాసేవారు, అందువల్ల 'వైట్' అన్న పేరు సూచికలో క్యూ కింద ఉంటుంది. యు, వి, డబుల్యు ఒకదాని చోట ఒకటి వస్తాయి.

ఇంకో మలుపు అనువాదం. మక్ అ గోవిన్ అంటే కమ్మరి కొడుకు. ఒక తరంలో మక్‌గోవన్, పట్నం వెళ్లాక స్మిత్ అయిపోవచ్చు. స్కాట్లండ్‌లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఇంటిపేరు స్మిత్ కావడానికి ఊరికొక కమ్మరి ఉండటం ఒక కారణమైతే, ఇలా చేరిపోయినవాళ్లు ఇంకో కారణం.

పేరు ఏ భాషదో, ఏ రకమో తేల్చండి

రకాలు నాలుగే: ఊరిపేరు, తండ్రిపేరు, వృత్తి, మారుపేరు. మన ఇంటిపేర్లు తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేం లేదు. భాషలు మాత్రం బోలెడు: గేలిక్, స్కాట్స్, నార్స్, నార్మన్ ఫ్రెంచ్, ఫ్లెమిష్, పాత బ్రిటన్ల భాష.

తండ్రిపేర్లలో మక్ చూడగానే తెగ ముఖ్యుడి వంశం అనుకోకండి. మకింటైర్ అంటే వడ్రంగి కొడుకు. మక్‌నాబ్ అంటే మఠాధిపతి కొడుకు. మక్‌ఫర్సన్ అంటే పాదిరీ కొడుకు. పాత కెల్టిక్ చర్చిలో మఠాధిపత్యం వంశపారంపర్యంగా నడిచిన రోజులు ఆ పేర్లలో ఉన్నాయి. మకింటాష్ మాత్రం నిజంగానే నాయకుడి కొడుకు. గేలిక్ పేరులా కనిపించే మక్‌లౌడ్‌లో ఉన్నది ల్యోట్ర్ అనే నార్స్ పేరు, మక్‌ఆలేలో ఉన్నది ఓలాఫ్, మకైవర్‌లో ఐవర్. వైకింగులు దీవుల్లో స్థిరపడి గేలిక్ మాట్లాడటం మొదలుపెట్టాక పుట్టిన పేర్లివి. 'గిల్'తో మొదలయ్యేవాటిలో భక్తి ఉంది. గిల్‌క్రిస్ట్ అంటే క్రీస్తు దాసుడు, గిల్మర్ అంటే మేరీ దాసుడు. మన 'రామదాసు' లాంటివే.

వృత్తి పేర్లలో కొన్ని మొదటి చూపుకు అర్థం కావు. బాక్‌స్టర్ రొట్టెలు కాల్చేవాడు, వెబ్‌స్టర్ నేతగాడు, సౌటర్ చెప్పులు కుట్టేవాడు, లోరిమర్ గుర్రం కళ్లేలు చేసేవాడు. వాకర్ నడిచేవాడే, కానీ నడిచింది దారిలో కాదు, తొట్టిలో. నేసిన ఉన్నిబట్టను నీళ్లలో వేసి కాళ్లతో తొక్కి చిక్కబరిచేవాడు. డెంప్‌స్టర్ కోర్టులో తీర్పు చదివి వినిపించేవాడు. చామర్స్ రాజుగారి గది చూసుకునేవాడు. డర్వర్డ్ ద్వారపాలకుడు. నవ్వుకోకండి, 13వ శతాబ్దంలో ఆలన్ డర్వర్డ్ రాజ్యంలోనే పెద్ద న్యాయాధికారి.

మారుపేర్లలో పెద్ద వంశాలే ఉన్నాయి. కాంబెల్ అంటే వంకర మూతి, కామెరన్ అంటే వంకర ముక్కు. రీడ్ ఎర్ర జుట్టువాడు, బెయిన్ తెల్లనివాడు. వాలెస్ అంటే అసలు 'వేల్స్‌వాడు', అంటే పాత బ్రిటన్ భాష మాట్లాడేవాడు. ఫ్లెమింగ్ ఫ్లాండర్స్ నుంచి వచ్చినవాడు, ఇంగ్లిస్ ఇంగ్లీషువాడు.

ఇంటి పెద్దలు చెప్పే కథలు ఇక్కడే అడ్డుపడతాయి. వంకర మూతి నచ్చని కాంబెల్‌ల కోసం ఎవరో 'కాంపో బెల్లో', అందమైన మైదానం, అని లాటిన్ కట్టి ఇచ్చారు. 1263 నాటి ఖజానా లెక్కల్లో గిల్లెస్పిక్ కాంబెల్ కనిపిస్తాడు, అతని పేరు ముందు ఊరిని సూచించే 'డి' లేదు. అది మైదానం కాదు, మూతే. నేపియర్ల కథ ఇంకా బాగుంటుంది: యుద్ధంలో పరాక్రమం చూసి రాజు 'నీకు సాటి లేరు' అన్నాడట, స్కాట్స్‌లో 'నే పీర్'. నిజానికి నేపియర్ అంటే రాజుగారి బల్లగుడ్డలు చూసుకునే ఉద్యోగి. కథ ఎంత అందంగా ఉంటే అంత అనుమానించండి.

ఊరిపేర్ల దగ్గర ఒక మెలిక ఉంది. 'డి' అంటే 'ఫలానా ఊరి' అని. భూస్వామి అయితే ఆ ఊరు అతనిది. సామాన్యుడైతే ఆ ఊరు వదిలి వచ్చినవాడు. సొంత ఊళ్లోనే ఉంటే ఎవరూ ఊరిపేరుతో పిలవరు కదా. పేరు, ఎస్టేటు రెండూ ఒకటే అయినప్పుడు స్కాట్లు 'ఆఫ్ దట్ ఇల్క్' అంటారు, అదే పేరు గలవాడు అని. డగ్లస్ గేలిక్‌లో నల్లని నీరు. మరీ దూరపు ఊళ్లూ ఉన్నాయి. బ్రూస్‌ల ఊరు నార్మండీలోని బ్రి. 1124 ప్రాంతంలో డేవిడ్ రాజు రాబర్ట్ డి బ్రూస్‌కు ఆనండేల్ రాసిచ్చిన పత్రం ఇప్పటికీ ఉంది, అందులో ఆ లోయ పేరు 'ఎస్ట్రహానెంట్' అని ఉంటుంది. పాత రాత తెలియకుండా ఆనండేల్ అని వెతికితే అది దొరకదు.

ఒకే రక్తానికి రెండు ఇంటిపేర్లు రావడం కూడా ఉంది. ఫ్రెస్కిన్ అనే ఫ్లెమిష్ ఆసామి 12వ శతాబ్దంలో మోరే ప్రాంతంలో డఫస్ కోట కట్టుకున్నాడు. అతని వారసులు 'డి మోరావియా', అంటే మోరేవాళ్లు, చివరికి 'మరీ' అనే ఇంటిపేరువాళ్లు అయ్యారు. ఆ వంశంలోనే ఉత్తరాన సదర్లండ్ పాలించినవాళ్లు సదర్లండ్‌లు అయ్యారు.

మధ్యయుగపు పత్రాల్లోకి దిగండి

మొదటి మెట్టు జార్జ్ బ్లాక్ 1946లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ద్వారా ప్రచురించిన స్కాట్లండ్ ఇంటిపేర్ల నిఘంటువు. ఒక్కో పేరుకు పాత రాతలు, తేదీలు ఇస్తుంది. దాన్ని చివరి మాటగా కాకుండా ఎక్కడ తవ్వాలో చెప్పే గుర్తుగా వాడండి.

తర్వాత పీపుల్ ఆఫ్ మెడీవల్ స్కాట్లండ్ అనే ఉచిత డేటాబేస్. 1093 నుంచి 1371 దాకా దొరికిన పత్రాల్లో పేరున్న మనుషులను అందులో ఎక్కించారు. ఎవరు ఎవరికి భూమి ఇచ్చారు, ఎవరు సాక్షి, ఎవరి కొడుకు అన్నీ చూడొచ్చు. ఖజానా లెక్కలు 1260ల నుంచి, రాజముద్ర రిజిస్టర్ 1306 నుంచి అచ్చయ్యాయి. పాత పార్లమెంటు రికార్డులు కూడా ఆన్‌లైన్‌లో ఉచితం. మెల్‌రోస్, కెల్సో, పేస్లీ మఠాలు తమకు వచ్చిన దానపత్రాలను పుస్తకంగా ఎత్తి రాయించుకున్నాయి. 19వ శతాబ్దంలో ఎడిన్‌బరో, గ్లాస్గో పెద్దమనుషుల క్లబ్బులు వాటిని అచ్చువేశాయి.

ఇక రాగ్‌మన్ రోల్. 1296లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ స్కాట్లండ్‌ను ఓడించి, బెరిక్‌లో భూస్వాములు, పాదిరీలు, పట్నాల పెద్దలందరి చేతా విధేయత రాయించుకున్న జాబితా ఇది. అవమానం వాళ్లది, లాభం మనది. అప్పటిదాకా ఏ పత్రంలోనూ కనిపించని చిన్న భూస్వాముల పేర్లు కౌంటీతో సహా ఇందులో ఉన్నాయి.

ఈ పత్రాల లాటిన్‌కు భయపడక్కర్లేదు. పదిమాటలు చాలు. 'ఫిలియస్' కొడుకు, 'డి' ఊరు, 'డిక్టస్' అనబడేవాడు, 'ఫాబెర్' కమ్మరి, 'పిస్టర్' రొట్టెలవాడు, 'టెక్స్టర్' నేతగాడు, 'క్లెరికస్' గుమస్తా, 'సెనెస్కాలస్' స్టీవర్డ్, 'హోస్టియారియస్' ద్వారపాలకుడు, చివర 'టెస్టిబుస్' అంటే సాక్షులు. దానపత్రం చేతికి రాగానే నేను మొదట చూసేది ఈ టెస్టిబుస్ తర్వాతి వరుస. భూమి ఇచ్చినవాడు పెద్దమనిషి, అతని గురించి అందరూ రాస్తారు. పక్కఊరి చిన్న రైతు, వంటవాడు, గుమస్తా కనిపించేది సాక్షుల్లోనే.

పేరు దొరికాక అడగాల్సిన ప్రశ్న: ఇది ఇంటిపేరా, ఆ ఒక్క మనిషి గుర్తా? 'విలెల్మస్ ఫాబెర్' అంటే విలియం అనే కమ్మరి, అంతే. అతని కొడుకు వాకర్ కావచ్చు. తండ్రి, కొడుకు, మనవడు ముగ్గురికీ అదే పేరు ఉండి, చేసే పనులు వేరైతే అప్పుడది ఇంటిపేరు. స్టివర్ట్‌లను చూడండి. డేవిడ్ రాజు దగ్గర స్టీవర్డుగా చేరినవాడు వాల్టర్, ఆలన్ కొడుకు. అతని కొడుకు ఆలన్, వాల్టర్ కొడుకు. ఇలా తరం తరానికి తండ్రి పేరు మారుతూ ఉద్యోగం మాత్రం నిలిచింది, నిలిచి నిలిచి అదే పేరైంది. 1371లో ఆ ఉద్యోగి వంశంవాడే రెండో రాబర్ట్‌గా సింహాసనమెక్కాడు. దక్షిణాన పట్నాల్లో ఇంటిపేర్లు ముందే గట్టిపడ్డాయి. హైలాండ్స్‌లో 17, 18 శతాబ్దాల దాకా, షెట్లండ్ దీవుల్లో 19వ శతాబ్దం దాకా తరానికొక పేరు మారుతూనే ఉంది.

ఒక పేరు తీసుకుని చేసి చూద్దాం: డ్యూవర్

మీ ఆఫీసులో ఒక డ్యూవర్ ఉన్నాడనుకోండి. నిఘంటువు తెరిస్తే రెండు మూలాలు కనిపిస్తాయి. ఒకటి ఎడిన్‌బరోకు దక్షిణాన, హెరియట్ పారిష్‌లో ఉన్న డ్యూవర్ అనే చోటు. రాగ్‌మన్ రోల్‌లో ఎడిన్‌బరో కౌంటీవాళ్లు 'డి డ్యూవర్' అని ఉన్నారు. 'డి' ఉంది, కౌంటీ ఉంది, కాబట్టి ఊరిపేరు. ఇది తేలిక.

రెండోది గేలిక్ 'దియోరఖ్'. మొదటి అర్థం పరదేశి, తిరిగేవాడు. తర్వాత ఒక సాధువు వస్తువును మోసుకుని తిరిగే సంరక్షకుడికి ఆ పేరొచ్చింది. పెర్త్‌షైర్ పడమట గ్లెన్ డొకార్ట్ లోయలో సెయింట్ ఫిల్లన్ వస్తువులు ఐదింటికి ఐదుగురు డ్యూవర్లు ఉండేవారు. ఒకరి దగ్గర ఆ సాధువు గంట, ఒకరి దగ్గర క్విగ్రిక్ అనే వంకీ చేతికర్ర.

1428 ఏప్రిల్‌లో ఆ కర్ర హక్కుల మీద విచారణ జరిగింది, దాని రాత మిగిలింది. ఊరిపెద్దలు ప్రమాణం చేసి చెప్పినదాని ప్రకారం లోయలో భూమి సాగుచేసే ప్రతి ఇల్లూ భూమిని బట్టి ఏటా ఇంత అని పిండి డ్యూవర్‌కు కొలవాలి. బదులుగా ఎవరి పశువులైనా దొంగలు తోలుకుపోతే, వెంటపడే ధైర్యం లేనివాడు డ్యూవర్‌కు కబురుపెట్టి 4 పెన్నీలో ఒక జత చెప్పులో, వాటితోపాటు మొదటి రాత్రికి భోజనమూ ఇస్తే చాలు. స్కాట్లండ్ రాజ్యంలో ఎక్కడికైనా సరే ఆ పశువుల జాడ పట్టుకుని వెళ్లాల్సిన బాధ్యత డ్యూవర్‌ది. సాధువు కర్ర చేతిలో ఉన్నవాణ్ణి దొంగ కూడా ముట్టుకోడు. చెప్పులెందుకో ఇప్పుడు అర్థమైంది కదా, ఆ కొండల్లో అరిగిపోయేవి అవే. 1487లో మూడో జేమ్స్ రాజు మలీస్ డ్యూవర్ అనే సంరక్షకుడి హక్కును ఖాయం చేస్తూ పత్రమిచ్చాడు. అప్పటికి ఉద్యోగం పేరు ఇంటిపేరైపోయింది. ఆ కర్ర డ్యూవర్ల కుటుంబంతోపాటు కెనడా దాకా వెళ్లి, 19వ శతాబ్దం చివర్లో ఎడిన్‌బరో మ్యూజియానికి తిరిగొచ్చింది. గంటతో కలిపి ఇప్పుడక్కడే చూడొచ్చు.

మరి మీ డ్యూవర్ ఏ డ్యూవర్? పేరులో సమాధానం లేదు, రెండింటి రాతా ఒకటే. 1851 జనగణనలో తాతముత్తాతలు గ్లెన్ డొకార్ట్ దగ్గరి కిల్లిన్ పారిష్‌లో పుట్టినట్టుంటే కర్ర వైపు మొగ్గు. హెరియట్ చుట్టుపక్కల అయితే ఊరి వైపు. గ్లాస్గోలో పుట్టినట్టుంటే ఇంకో రెండు తరాలు తవ్వాల్సిందే. వెనక్కి నడవమని మొదట్లోనే అంతలా చెప్పింది ఇందుకే.

గోతులు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుసుకోండి

అన్నిటికంటే పెద్దది, రైతులు ముఖ్యుడి పేరు పెట్టుకోవడం. హైలాండ్స్‌లో రక్షణ కోసం, భూమి కౌలు కోసం ఎవరి నీడన ఉంటే వాళ్ల ఇంటిపేరు తగిలించుకున్నారు. బస్తా పిండి ఇస్తామంటే ఫ్రేజర్లుగా మారినవాళ్లను 'పిండి ఫ్రేజర్లు' అని వెక్కిరించేవారని చెప్పుకుంటారు. అందుకని ఇంటిపేరు కలిసినంత మాత్రాన రక్తసంబంధం అనుకోలేం. మనలో ఒకే ఇంటిపేరుకు వేరు వేరు గోత్రాలు ఉన్నట్టే.

దీనికి తలకిందుల కథ మక్‌గ్రెగర్లది. 1603 ఏప్రిల్‌లో ఆ పేరునే నిషేధించారు. పెట్టుకుంటే ప్రాణానికే ముప్పు. మధ్యలో కొన్నాళ్లు ఎత్తేసి మళ్లీ పెట్టారు, పూర్తిగా పోయింది 1774లోనే. ఆ మధ్యకాలంలో వాళ్లు గ్రాంట్లు, మరీలు, డ్రమండ్లు, కాంబెల్‌లు అయ్యారు. ఆ వంశంలో పేరుమోసిన రాబ్ రాయ్ కూడా తల్లి ఇంటిపేరుతో కాంబెల్ అని సంతకం పెట్టాడు. మీ వెతుకులాట పెర్త్‌షైర్ కొండల్లో 17వ శతాబ్దం దగ్గర తెగిపోతే ఈ అనుమానం కూడా రాసిపెట్టుకోండి.

పత్రమే లేకపోవడం మరో గొయ్యి. మొదటి ఎడ్వర్డ్ చాలా రికార్డులు లండన్ పట్టుకుపోయాడు. క్రాంవెల్ కాలంలో మళ్లీ పట్టుకుపోయారు. 1660లో తిరిగి పంపుతుంటే ఎలిజబెత్ అనే ఓడ తుఫానులో మునిగి అందులోని రికార్డుల పీపాలన్నీ సముద్రం పాలయ్యాయి. కాబట్టి 'పత్రంలో లేడు, కనుక మనిషే లేడు' అనకూడదు.

దుకాణాల్లో అమ్మే వంశచిహ్నాల (కోట్ ఆఫ్ ఆర్మ్స్) సంగతి త్వరగా చెప్పేస్తాను. స్కాట్లండ్ చట్టంలో ఆ చిహ్నం ఒక మనిషికి ఇచ్చేది, ఇంటిపేరుకు కాదు. 1672లో మొదలైన, ఈ చిహ్నాల అధికారి లార్డ్ లయన్ రిజిస్టర్‌లో ఎవరి పేరున ఉంటే వాళ్లదే. ఇంటిపేరుకొక టార్టన్ గళ్లబట్ట అన్న పద్ధతి 1822లో నాలుగో జార్జ్ ఎడిన్‌బరో వచ్చిన హడావుడిలో బాగా ఊపందుకుంది. మధ్యయుగాలకూ దానికీ సంబంధం లేదు.

వై డీఎన్ఏ పరీక్ష తండ్రి వైపు గీత ఒక్కటే చూపిస్తుంది. కాగితాలు రెండు డ్యూవర్ల మధ్య ఎటూ తేల్చనప్పుడు, రెండు ప్రాంతాల మగవారసుల ఫలితాలతో పోల్చుకోవడానికి బాగానే పనికొస్తుంది. పరీక్షతోనే మొదలుపెట్టి కథ అల్లుకుంటే దుకాణంలో కాగితం కొన్నట్టే. మధ్యలో దత్తత వచ్చినా, తల్లి పేరు వచ్చినా డీఎన్ఏ ఒకటి చెబుతుంది, ఇంటిపేరు ఒకటి చెబుతుంది.

దొరికింది రాసుకునే తీరు

ఒక్కో విషయం పక్కన మూడింటిలో ఒక మాట రాయండి: పత్రం, ఊహ, ఇంటికథ. ఉదాహరణకు మన్రో. దత్తమండలాలకు మొదటి కలెక్టరై, 1827లో పత్తికొండలో కలరాతో పోయిన థామస్ మన్రో గ్లాస్గోలో 1761లో పుట్టాడు. ఇది పత్రం. మన్రోలను గేలిక్‌లో 'రోథఖ్' అంటారు, అంటే 'రో'వాడు. ఆ 'రో' ఐర్లండ్‌లోని రో నది అనీ, మూలపురుషుడు 11వ శతాబ్దంలో అక్కడి నుంచి వచ్చాడనీ వంశంలో చెప్పుకుంటారు. ఇది ఇంటికథ. మన్రోలు దస్తావేజుల్లో స్పష్టంగా కనిపించేది 14వ శతాబ్దంలో, ఉత్తరాన రాస్ ప్రాంతంలో. మళ్లీ పత్రం. గ్లాస్గో వర్తకుడి కొడుకు రాస్ భూస్వాముల వంశమే అనాలంటే ఆ మధ్య తరాలన్నీ ఒక్కొక్కటే కలపాలి. కలిపేదాకా నోట్సులో ఆ గీత పెన్సిల్‌తోనే ఉండాలి.